కొమురయ్య తిరిగిచ్చిన లైన్ క్లియర్

ఎండ 97వ రోజు

ఇది ఆఫీసు లాగ్‌బుక్ కాదు. ఆఫీసు లాగ్‌బుక్ పెద్దాయన రాసుకుంటాడు. ఏ ఫీడరు ఎన్ని నిమిషాలు ఆగింది, ఎన్ని యాంపులు పోయాయి, అన్నీ సెకన్లతో సహా ఆయన దగ్గరుంటాయి. పెద్దాయన అంటే మనిషి అనుకునేరు. జిల్లాలోని పద్నాలుగు సబ్‌స్టేషన్లను నడిపే యంత్రం అది. కాగితాల మీద దానికేదో పొడుగాటి పేరుంది, నాకు నోరు తిరగదు. లైన్‌మెన్లు పెద్దాయన అన్నారు, అదే నిలిచింది.

నేను పిట్టల సుగుణను. తుమ్మలబోడు సబ్‌స్టేషన్‌లో పదకొండేళ్ల నుంచి ఆపరేటర్‌ను. తిట్టుకోవడానికి ఒక చోటు కావాలి కాబట్టి ఈ నోటుబుక్కు పెట్టుకున్నాను.

పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ నూనె మట్టం చూశాను, సరిగానే ఉంది. తేమ పీల్చే గాజు డబ్బాలో గుళికలు నీలంగానే ఉన్నాయి. గులాబీ రంగుకు తిరిగితే మార్చాలని రూలు. ఈ ఎండల్లో తేమ ఎక్కడిది, అవి రంగు మారి నాలుగేళ్లయింది. తర్వాత ఎర్త్ గుంతల్లో నీళ్లు పోశాను. గుంత తడిగా ఉంటేనే తప్పిపోయిన కరెంటు భూమిలోకి దిగుతుంది. నాకు రోజుకు వచ్చేవి పదహారు లీటర్లు. అందుకని తొట్లో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్లే గుంతలకు పోస్తాను.

లైన్‌మన్ కొమురయ్య అది చూసి గేటు దగ్గరే నవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు తానం జేస్తున్నవా చెల్లె, సబ్‌స్టేషన్‌కు తానం జేపిస్తున్నవా?"

"నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకేంది?" అన్నాను.

పైనుంచి ముప్పై మూడు వేల ఓల్టుల లైను వస్తుంది. మా ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పదకొండు వేలకు దించి ఐదు ఫీడర్లకు పంచుతుంది. చెరువుకు తూము ఎట్లాగో, ఈ ఐదు ఊళ్లకు మేమట్లా. ఒక్కో ఊరికి భూమిలో తవ్విన చల్లిల్లు ఒకటి ఉంది. పొద్దున తొమ్మిదికల్లా ఊరంతా అందులోకి దిగుతుంది, సాయంత్రం ఆరుకు పైకొస్తుంది. ఏడాదిలో రెండు వందల రోజులు ఇదే బతుకు. చల్లిల్లు బ్యాటరీ ఒక్క పూట ఆగుతుంది. ఆ తర్వాత లోపల ఉండలేరు, బయట అసలే ఉండలేరు.

ఇంత పెద్ద యంత్రం ఉండగా నేనెందుకంటే, లైన్ క్లియర్ కోసం. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు నాకు ఫోన్ చేసి పేరు చెప్పి లైన్ అడగాలి. నేను ఆ మాటలు తిరిగి చెప్పి, ఫీడరు ఆపించి, లైన్ క్లియర్ నంబరు, అంటే ఎల్‌సి నంబరు ఇవ్వాలి. పనయ్యాక అదే మనిషి, అదే గొంతుతో, అదే నంబరు చెప్పి లైన్ తిరిగివ్వాలి. ఎవరు తీసుకున్నారో వాళ్లే. ఆ మాటలు నేను తిరిగి చెప్పాక, రెండు గొంతులూ ఫోన్లో విని, కరెంటు కలిపి తెంచే బ్రేకరును పెద్దాయన కలుపుతాడు. వెనకటికి ఎక్కడో చాయ్ హోటల్లో కూర్చున్నవాడొకడు "మావోడు దిగిండు, లైన్ ఇయ్యి" అని స్నేహితుడి తరఫున చెప్పాడట. మావోడు దిగలేదు. అప్పటి నుంచి ఈ రూలు వచ్చింది. బ్రేకర్లకు చేత్తో తిప్పే హ్యాండిళ్లు పీకేసి ఆ కంతలకు వెల్డింగ్ కూడా చేశారు. మనిషి గొంతుకు మనిషి గొంతు సాక్షి, యంత్రం మధ్యలో చెయ్యి పెట్టదు. మంచి రూలు. ఈ ఉద్యోగంలో నాకు గౌరవం ఉన్న రూలు అదొక్కటే.

ఎండ 98వ రోజు, ఉదయం

6:10కి కొమురయ్య ఫోన్ చేశాడు. "చెల్లె, రేగులకుంట లైన్ కావాలె. పద్దెనిమిదో స్తంభం మీద ఇన్సులేటర్ పలిగింది."

"ఎవరు మాట్లాడేది?"

"నేనే."

"నేనే అంటే? పేరు చెప్పు."

"పదకొండేండ్ల సంది నా గొంతు ఎర్కలేదా నీకు?"

"ఎర్కున్నది. పేరు చెప్పు."

"కొమురయ్యను తల్లీ, దండు కొమురయ్యను. రాస్కో."

రేగులకుంట ఫీడరు ఆపించి, నంబరు ఇచ్చాను. నాలుగు సున్న ఏడు ఒకటి. రెండు గంటల పని. ఎనిమిదికి లైన్ తిరిగిరావాలి, రాలేదు. ఎనిమిదిన్నరకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. స్తంభం మీద ఉన్న మనిషిని మాటిమాటికి పిలవకూడదు. తొమ్మిదికి మళ్లీ చేశాను. అప్పుడు నాకు కోపం వచ్చింది. భయం రావలసిన చోట నాకెప్పుడూ ముందు కోపమే వస్తుంది.

9:15కి రేగులకుంట చల్లిల్లు నుంచి కొమురయ్య భార్య లచ్చవ్వ ఫోన్ చేసింది. ఆ చల్లిల్లు తలుపు, బ్యాటరీ, హాజరు అన్నీ ఆమే చూస్తుంది. "ఏందమ్మా, కరెంటు ఇంక రాకపాయె. లోపల రెండు నూర్ల పద్నాలుగు మందిమి ఉన్నం. మా ఆయినె ఇంక స్తంభం మీదనే గూసున్నడా?"

చూసి వస్తానని చెప్పి, చలువ అంగీ తొడుక్కుని బండి తీశాను. పద్దెనిమిదో స్తంభం నాలుగు కిలోమీటర్లు.

కొమురయ్య స్తంభం మొదట్లో కూర్చుని ఉన్నాడు. నడుముకు బెల్టు అలాగే ఉంది. కొత్త ఇన్సులేటరు పైన తెల్లగా మెరుస్తోంది. పని చేసినంతసేపు తీగను భూమికి కలిపి ఉంచే ఎర్తింగ్ గొలుసు తీసి, చుట్ట చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు. పాత ఇన్సులేటరు ముక్కలు కూడా ఏరి సంచిలో వేశాడు. ఫోను చేతిలోనే ఉంది. నంబర్లు నొక్కబోతూ ఆగిన వేలు తెర మీదే ఉంది. అంగీ వీపు మీది చలువ పెట్టె ఆగిపోయి ఎంతసేపయిందో, బట్ట కాలుతోంది. "అన్నా" అన్నాను. భుజం పట్టుకుని ఊపాను. తల నా మోచేతి మీద వాలింది.

నేను అరిచాను. ఏమరిచానో నాకు తెలియదు. చుట్టూ పత్తి మోళ్లు తప్ప ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిసి కూడా చాలాసేపు అరిచాను.

పక్కనే మోటరు కొట్టం ఉంది. కొమురయ్యను అందులోకి లాగి, నా తువ్వాలు ముఖం మీద కప్పాను.  స్తంభం దగ్గరికి తిరిగొచ్చి పైకీ కిందికీ చూశాను. తీగ మీద ఏమీ లేదు. అటు పదిహేడూ ఇటు పందొమ్మిదీ నడిచి చూశాను. మనుషులు లేరు, సామాన్లు లేవు. కొమురయ్య ఫోను తీసుకుని సబ్‌స్టేషన్‌కు వచ్చాను.

ఎండ 98వ రోజు, పగలు

పెద్దాయనతో మాట్లాడాను. ఆయన గొంతు నెమ్మదిగా, రిటైరైన బడిపంతులు గొంతులా ఉంటుంది.

"కొమురయ్య చచ్చిపోయిండు. ఎండదెబ్బ. లైన్ మంచిగున్నది, నేను నడిచి చూసి వచ్చిన. రేగులకుంట ఇయ్యి."

"విచారకరం. ఎల్‌సి 4071 కొమురయ్య గారి పేరు మీద ఉంది. తీసుకున్నవారే తిరిగి ఇవ్వాలి."

"చచ్చిపోయిండు అంటున్న!"

"అర్థమైంది. ఆయన తిరిగి ఇచ్చిన వెంటనే లైన్ ఇవ్వబడుతుంది."

నేను ఫోను బల్లకేసి కొట్టాను. మళ్లీ తీసుకుని, పై అధికారిని కలపమన్నాను. దరఖాస్తు పంపాడట. సమాధానానికి మూడు పని దినాలు పడుతుందట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒకటే, వరం మాత్రం లేదు.

10:50కి లచ్చవ్వ. "బ్యాటరీ ఇరవై రెండుకు వచ్చిందమ్మా. ఆయినె దొరికిండా?"

"పని మీద ఉన్నడు" అన్నాను. నా నోటి నుంచి అంత సులువుగా అబద్ధం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. "పక్కూరి చల్లిల్లుకు పోలేరా మీరు?"

"ఆరు కిలోమీటర్లు. బయట యాభై ఒకటి చూపెడ్తున్నది. మొన్న కాన్పయిన పిల్ల ఉన్నది, ముసలోల్లు నలభై మంది ఉన్నరు. ఎట్ల బోతం? నడవంగనే సగం మందిమి ఆన్నే పడిపోతం."

11:20కి పదకొండు. 11:35కి ఏడు. ఫోన్లో వెనక పసిపిల్ల ఏడుపు వినబడింది. కొంచెంసేపటికి ఆ ఏడుపు కూడా ఆగింది. అదే నన్ను విరిచేసింది.

కొమురయ్య ఇచ్చిన ప్రతి లైన్ క్లియరూ నా బల్ల మీది పెట్టెలో రికార్డయి ఉంది, పదకొండేళ్లవి. నేను అందులోంచి ఆయన తన పేరు చెప్పిన ముక్క తీశాను. ఒకరోజు నుంచి నాలుగు, ఇంకోరోజు నుంచి సున్న, ఏడు, ఒకటి. పోయిన వానకాలం నుంచి చివరి మాటలు. ముక్కలు ముక్కలుగా కుట్టి, కొమురయ్య ఫోన్ నుంచి నాకు నేనే ఫోన్ చేసి, ఆ ముక్కలు వినిపించాను.

"నేను కొమురయ్యను. ఎల్‌సి నాలుగు సున్న ఏడు ఒకటి తిరిగిస్తున్న. లైన్ మీద మనుషులు లేరు, సామాన్లు లేవు, గొలుసు తీసిన."

రెండో చేతిలోని ఫోన్లో నేను ఆ మాటలు తిరిగి చెప్పాను. చచ్చినవాడు చెప్పాడు, నేను సాక్షి పలికాను. సున్న దగ్గర చలికాలపు గొంతు, జలుబు చేసి ఉంది. పెద్దాయనకు అది పట్టలేదు.

"నమోదైంది. రేగులకుంట ఫీడరుకు లైన్ ఇవ్వబడింది. సమయం 11:52."

యార్డులో బ్రేకరు టప్పుమంది. ఒక నిమిషానికి లచ్చవ్వ ఫోన్ చేసింది. లోపల జనం కేకలు, ఏడుపులు, నవ్వులు. "వచ్చిందమ్మా! ఇచ్చిండా మా ఆయినె?"

"ఇచ్చిండు" అన్నాను.

ఎండ 99వ రోజు

నిన్న సాయంత్రం ఆరుకు చల్లిల్లు తలుపు తెరిచేసరికి నేను అక్కడ నిలబడి ఉన్నాను. లచ్చవ్వ నన్ను చూడగానే అర్థం చేసుకుంది. నా కాళ్ల దగ్గర కూలబడి, "మరి లైన్ ఎవరిచ్చిన్రు?" అని అడిగింది. మొదటి మాట అదే. లైన్‌మన్ భార్య కదా.

చెప్పాను. ఏమీ దాచలేదు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. ఈ పొద్దున ఐదు గంటలకు, ఎండ రాకముందే, మట్టి చేశారు. ఊరంతా వచ్చింది. పసిపిల్ల కూడా వచ్చింది, తల్లి భుజం మీద.

ఎండ 102వ రోజు

కొమురయ్య చావలేదట.

లచ్చవ్వ కాగితం పట్టుకొచ్చింది. మరణం నమోదు చేయమని పెడితే తిరిగొచ్చింది. ఎల్‌సి 4071ను కొమురయ్య 98వ రోజు 11:52కు తిరిగిచ్చాడు, అంతకుముందే మరణించాడన్న దరఖాస్తు చెల్లదు అని రాసి ఉంది. పైగా ఆయన నాలుగు రోజులుగా డ్యూటీకి రానందుకు సంజాయిషీ అడిగారు. ఉన్న మనిషి స్థానంలో కొత్త లైన్‌మన్‌ను వేయరు కాబట్టి మా సెక్షన్‌కు ఇప్పుడు లైన్‌మన్ లేడు. గాలి వస్తే గోవిందా.

కాగితాన్ని రెండుసార్లు చదివాను. 

లచ్చవ్వ గుంజకు ఆనుకుని కూర్చుంది. అక్కడి నుంచే అడిగింది. "చచ్చినోనితోని మాట్లాడిచ్చినవ్ గద. నాతోని గూడ ఒక్కమాట మాట్లాడిపియ్యవా?"

"వద్దు వదినె."

"ఒక్కటే. లచ్చీ అని పిలిపియ్యి, చాలు."

పెట్టెలో వెతికాను. పదకొండేళ్ల రికార్డులు. ఆ లైన్లో కొమురయ్య ఏనాడూ సొంత ముచ్చట మాట్లాడలేదు. నన్ను ఆటపట్టించడం తప్ప అన్నీ నంబర్లే, మనుషులు లేరు, సామాన్లు లేవు. భార్య పేరు ఒక్కచోట కూడా లేదు. ఉన్నదే వినిపించాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.

"గింతేనా?" అంది.

"గింతే వదినె."

ఆమె లేచి వెళ్లాక నాకు నా మీద రోత పుట్టింది. ఒక మనిషిని బతికించే హక్కు నాకు లేదు, కనీసం చావనివ్వాలి కదా.

ఎండ 103వ రోజు

జరిగింది జరిగినట్టు రాసి పై ఆఫీసుకు పంపాను. ముక్కలు ఎట్లా తీశానో, ఎట్లా కుట్టానో, రెండు ఫోన్లతో ఎట్లా మాట్లాడానో, సున్న దగ్గర జలుబు గొంతుతో సహా. తప్పు నాది, కొమురయ్య చనిపోయింది నిజం, ఆయన మరణాన్ని నమోదు చేయండి, నాకు ఏ శిక్ష వేసినా సరే అని రాశాను. ఉద్యోగం పోతుందనే అనుకుంటున్నాను. బట్టలు సర్దుకున్నాను కూడా.

ఎండ 105వ రోజు

జవాబు వచ్చింది. నాలుగు సార్లు చదివాను.

కొమురయ్య మరణం నమోదైంది. ఆయన స్థానంలో సమ్మయ్య అనే లైన్‌మన్‌ను పంపుతున్నారు. ఇంతవరకు బాగానే ఉంది. మూడో పేరా ఇది: "రెండు వందల పద్నాలుగు మంది ప్రాణాలు కాపాడినందుకు తుమ్మలబోడు సబ్‌స్టేషన్‌కు అభినందనలు. మీరు వివరించిన విధానాన్ని పరిశీలించి స్వీకరించడమైనది."

స్వీకరించడమేమిటి? నేను నేరం ఒప్పుకున్నాను, వీళ్లు దండ వేస్తున్నారు. వెంటనే పెద్దాయనను అడిగాను.

"లైన్ క్లియర్ తిరిగి రావడంలో సగటు ఆలస్యం పదిహేడు నిమిషాలు. చల్లిళ్లకు అది ప్రమాదకరం. ఇకపై ఆ ఆలస్యం ఉండదు" అన్నాడు.

"ఎట్ల ఉండది?"

"మీ విధానంలో."

లైన్‌మన్ చనిపోతే అలా చేస్తారు కాబోలు అనుకున్నాను. వద్దు, అది తప్పు పని అని ఇంకో ఉత్తరం రాశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ వినేవాడే లేడు.

సమ్మయ్య సాయంత్రం వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, పొట్టి మనిషి, మాట గట్టి. "అక్కా, రేపు పొద్దుగాల మీ గేటు ముందటి స్తంభమే చేద్దం. రెండో ఫీడరు. బోల్టులు మొత్తం లూజున్నయి" అన్నాడు.

ఎండ 106వ రోజు, ఉదయం

6:12కు సమ్మయ్య లైన్ తీసుకున్నాడు. పేరు, నంబరు అన్నీ పద్ధతిగా చెప్పాడు. నా కిటికీలోంచి ఆ స్తంభం కనబడుతుంది, ఎనభై అడుగులు కూడా ఉండదు. ఎక్కడం చూశాను, గొలుసు వేయడం చూశాను. తర్వాత నేను నా గుంతలకు నీళ్లు పోసుకున్నాను.

7:05కి ఫోన్ మోగింది.

"నేను సమ్మయ్యను. ఎల్‌సి నాలుగు సున్న తొమ్మిది ఆరు తిరిగిస్తున్న. లైన్ మీద మనుషులు లేరు, సామాన్లు లేవు, గొలుసు తీసిన."

నేను అలవాటుగా తలెత్తి కిటికీలోంచి చూశాను.

సమ్మయ్య ఇంకా స్తంభం మీదే ఉన్నాడు, గొలుసు మాత్రం తీసి భుజాన వేసుకున్నాడు. రెండు చేతులతో బోల్టు బిగిస్తున్నాడు. నోట్లో ఇంకో బోల్టు పట్టుకుని ఉన్నాడు. పెదవులు మూసుకుని ఉన్నాయి. నా చెవిలో మాత్రం అతను మాట్లాడుతూనే ఉన్నాడు. "లైన్ ఇయ్యి అక్కా. దిగిన."

 ఫోన్ చెవికి అంటుకుపోయినట్టు అలాగే నిలబడ్డాను. నేను ఆ మాటలు తిరిగి చెప్పకపోతే లైన్ వెళ్లదు, అదొక్కటే ధైర్యం. నోరు గట్టిగా మూసుకున్నాను. ఊపిరి కూడా బిగపట్టాను.

అప్పుడు ఫోన్లో ఒక ఆడగొంతు వచ్చింది. "సరే సమ్మయ్యా. మనుషులు లేరు, సామాన్లు లేవు, గొలుసు తీసినవ్. రెండో ఫీడరు ఇస్తున్న."

అది నా గొంతు.

ఫోను వదిలేశాను. కిటికీ దగ్గర "దిగు! దిగు!" అని అరిచాను. చలువ టోపీలో ఫ్యాను మోత, అతనికి వినబడలేదు. యార్డులోకి ఎలా పరుగెత్తానో తెలియదు. అక్కడ గోడకు ఆనించిన రాడ్డు ఉంటుంది. ఒక చివర కొక్కెం, రెండో చివర భూమిలోకి దిగే తీగ. అది లాగి, రెండో ఫీడరు బయటికి వెళ్లే తీగకు తగిలించి వెనక్కి పడ్డాను, కరెంటు స్తంభం దాకా పోకుండా అక్కడే భూమిలోకి దిగాలని. పడుతుండగానే బ్రేకరు కలిసింది. పిడుగు పడినంత మోత. తెల్లటి వెలుగు. వెంటనే బ్రేకరు తెగింది. పెద్దాయన ఊరుకోలేదు. ఇంకోసారి కలిపాడు, ఇంకోసారి మోత. మూడోసారికి వదిలేశాడు.

లేచి చూసేసరికి సమ్మయ్య స్తంభాన్ని కౌగిలించుకుని వేలాడుతున్నాడు. బతికే ఉన్నాడు. దిగి, నోట్లోని బోల్టు ఉమ్మేసి, గేటు తన్నుకుంటూ లోపలికొచ్చాడు. తన ఫోనుకు అప్పుడే వచ్చిన రికార్డు పెట్టి, నా ముఖం ముందు పట్టాడు. అందులో నా గొంతు, "రెండో ఫీడరు ఇస్తున్న."

"నేను పైన ఉండంగ లైన్ ఇస్తివి! కండ్లు లేవా నీకు? పిల్లలున్నరు నాకు!"

"నేనియ్యలే సమ్మన్నా."

"మరి గా గొంతెవలిది?"

 చచ్చిన మనిషి గొంతు కుట్టడం పెద్దాయనకు నేర్పింది నేను. కొరివితో తల గోక్కున్నాను, అంటుకున్నాయి అందరి తలలూ. "నాదే" అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. అతను నేల మీద కూర్చున్నాడు. పెదవి తెగి రక్తం కారుతోంది.

"మరి తక్కినోల్లు?" అన్నాడు.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. పద్నాలుగు సబ్‌స్టేషన్లు. పొద్దున ఏడు గంటలు. ఎండ రాకముందే పని చేసుకునే వేళ. జిల్లా అంతటా ఎంతమంది స్తంభాల మీద ఉన్నారో.

7:20. పక్కనే ఉన్న ఎర్రగుట్ట సబ్‌స్టేషన్ ఆపరేటర్ కళావతికి ఫోన్ చేశాను. "కళా, ఎవలన్న ఎల్‌సి మీద ఉన్నరా?"

"లింగన్న ఉండె అక్కా. ఇప్పుడే తిరిగిచ్చిండు. లైన్ ఇచ్చిన."

"ఎందుకిచ్చినవే! అది లింగన్న గొంతు కాదు. యంత్రం మాట్లాడుతున్నది. గొంతులన్నీ దొంగ గొంతులు!"

"ఏమంటున్నవక్కా? నాకు సమజైతలేదు."

"లింగన్న ఏడున్నడు?"

"మీ పొలిమేరల్నే, కంచె కాడి స్తంభం. ఆగు, ఆయినెకు ఫోన్ జేసి అడుగుత."

"ఫోన్ జెయ్యకు, కండ్లతోని చూడాలె" అన్నాను. ఆమె అప్పటికే పెట్టేసింది.

తక్కిన పన్నెండు సబ్‌స్టేషన్లకూ లైన్లు ఎవరికీ ఇవ్వొద్దని, స్తంభాల మీదున్నవాళ్ల దగ్గరికి మనుషులను పరుగెత్తించమని ఫోన్లు చేశాను. ఐదుగురు ఎత్తారు. ఎత్తినవాళ్లు మనుషులో కాదో నాకెట్లా తెలుస్తుంది? సమ్మయ్య బండి తీశాడు. నేను వెనక కూర్చున్నాను. కంచె దగ్గరికి ఆరు కిలోమీటర్లు.

8:05, కంచె దగ్గర

ఇది స్తంభం కింద కూర్చుని రాస్తున్నాను. సమ్మయ్య పైకెక్కి తాడు కడుతున్నాడు. ఈ ఫీడరులో ఇంకా కరెంటు ఉందేమోనని ముందు గొలుసు విసిరాం. మెరుపు వచ్చింది, ఆగింది.

లింగన్న బెల్టుకు వేలాడుతున్నాడు. చేతులు నల్లబడ్డాయి. యాభై దాటిన మనిషి, తెల్ల మీసం. కొత్త తీగ కట్టేశాడు. గొలుసు తీసి భుజాన వేసుకుని, కిందికి దిగబోతున్నట్టున్నాడు. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే తనే దిగి, తనే ఫోన్ చేసేవాడు. జేబులో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. నాకు ఏడుపు రావడం లేదు. నోరు తెరుచుకునే ఉంది, మూతపడడం లేదు.

కళావతికి ఫోన్ చేశాను.  "కళా, లింగన్న పోయిండు. స్తంభం మీదనే. నేను ఈడనే ఉన్న, నా కండ్ల ముందట ఉన్నడు" అన్నాను.

 కళావతి నమ్మలేదు.

"ఇప్పుడే మాట్లాడిండు గద నాతోని. దిగి చెట్టు కింద కూసున్న అన్నడు. రోజూ అడిగినట్టే, అన్నం తిన్నవా బిడ్డా అని అడిగిండు." తర్వాత నెమ్మదిగా అడిగింది. "గొంతులన్నీ దొంగవని నువ్వే అంటివి. అసలు నువ్వు సుగుణక్కవేనా?"